పట్టా ఇచ్చారు, పోస్టు ఏది?

జస్టిస్ రంజనా ప్రకాశ్ దేశాయ్ అధ్యక్షతన ఎనిమిదవ కేంద్ర వేతన సంఘం కొలువుదీరింది. దాని విధివిధానాలకు 2025 అక్టోబరు చివరలో కేంద్ర మంత్రివర్గం ఆమోదముద్ర వేసి, నివేదికకు 18 నెలల గడువు విధించింది. ప్రతి వేతన సంఘం ముందూ జరిగే తంతు ఢిల్లీ రాజకీయాలను గమనించేవారికి కొత్తది కాదు. రైల్వే సంఘాలు వస్తాయి. సైనికాధికారులు వస్తారు. ఐఏఎస్ కంటే ఒక మెట్టు దిగువన నిలబెట్టారన్న మనోవేదనతో తక్కిన సర్వీసులవారు వస్తారు. వైద్యుల సంఘాలు వస్తాయి. ఎవరి గోడు వారిది, ఎవరి పట్టిక వారిది. ఈ రద్దీలో, అసలు పట్టికలో తమకొక గడియే లేనివారి మాట ఎవరు వినిపించాలి?

నేను చెబుతున్నది స్నాతకోత్తర పట్టా పొందిన నర్సుల గురించి. నాలుగేళ్లు బి.ఎస్‌సి. నర్సింగ్ చదివి, కొంతకాలం రోగుల పడకల పక్కన పనిచేసి, ఆపై మరి రెండేళ్లు ఒక ప్రత్యేక విభాగంలో ఉన్నత శిక్షణ పొందినవారి గురించి. వీరిలో కొందరిని 'నర్స్ ప్రాక్టీషనర్' అనే పేరుతో మన ప్రభుత్వమే తయారుచేయిస్తున్నది. సాధారణ నర్సుకు, వైద్యునికి నడుమ నిలిచి, రోగిని స్వయంగా పరీక్షించి, నిర్ణీత పరిధిలో చికిత్స నిర్ణయాలు తీసుకోగల వృత్తి ఇది. ఈ వృత్తికి పాఠ్యప్రణాళిక ఉన్నది, పరీక్ష ఉన్నది, పట్టా ఉన్నది. పోస్టు లేదు. పోస్టు లేదు గనుక వేతన శ్రేణి లేదు. ఈ లోటును అధికారుల మతిమరుపుగా కొట్టిపారేయడానికి నేను సిద్ధంగా లేను. పదేళ్లపాటు ఏకధాటిగా కొనసాగిన మరుపును విధానమనే అనాలి. నైపుణ్యాన్ని పెంచాలి, దాని ధరను మాత్రం పెరగనీయరాదు అన్నదే ఆ విధానం.

ఒక రాత్రి, ఒక బ్యాడ్జీ

కొన్నేళ్ల కిందట మా కుటుంబంలోని ఒక పెద్దాయన హైదరాబాదులో ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో కొన్ని రోజులు వెంటిలేటరు మీద ఉన్నారు. ఒక రాత్రి రెండు గంటలవేళ నన్ను లోపలికి పిలిచారు. రక్తంలో ఆక్సిజన్ పడిపోతున్నది. పడక పక్కనున్న సిస్టర్ తెరమీది గీతలను చూసింది, గొట్టంలో అడ్డుపడిన కఫాన్ని తీసింది, రక్తవాయువుల పరీక్షకు నమూనా పంపింది, ఫలితం రాగానే డ్యూటీ డాక్టరుకు ఫోను చేసి తాను ఏమి గమనించిందో, ఏ మార్పు అవసరమనుకుంటున్నదో నాలుగు వాక్యాలలో చెప్పింది. అవతలినుంచి "సరే, అలాగే చెయ్యండి" అన్న మాట నాకు కూడా వినిపించింది. తెల్లవారుజామున నేను ఆమెను ఏమి చదివారమ్మా అని అడిగాను.

"ఎం.ఎస్‌సి. నర్సింగ్ సార్, క్రిటికల్ కేర్."

"మరి బ్యాడ్జీ మీద స్టాఫ్ నర్స్ అని ఉన్నదే?"

"జీతం చీటీ మీద కూడా అదే ఉంటుంది సార్" అని నవ్వి, పక్క పడక వైపు వెళ్లిపోయింది. అదే వార్డులో డిప్లొమా చేసి వచ్చిన కొత్త అమ్మాయి జీతానికీ తన జీతానికీ చెప్పుకోదగిన తేడా లేదని తర్వాత మాటల్లో తెలిసింది. డిశ్చార్జి నాడు చేతికొచ్చిన బిల్లులో వెంటిలేటరుకు ఒక వరుస, డాక్టర్ల సందర్శనలకు ఒక వరుస, 'నర్సింగ్ చార్జీలు' అని మరొక వరుస ఉన్నాయి. ఆ సిస్టర్ నైపుణ్యానికి మా దగ్గర రోజువారీగా డబ్బు వసూలు చేశారు. ఆ నైపుణ్యం ఎవరిదో, ఆమెకు మాత్రం దాని ఖరీదు కట్టలేదు.

ఇది ఒక ఆసుపత్రి యజమాని పిసినారితనమైతే ఇంత దూరం రాయనక్కరలేదు. ఆ యజమానికి దారి చూపినది ప్రభుత్వమే.

కాగితం మీద పుట్టిన కేడరు

నర్స్ ప్రాక్టీషనర్ అనే భావన 1965లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో పుట్టింది. లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల వైద్యుడు కలిసి దానిని ప్రారంభించారు. వైద్యులు చాలినంతమంది లేని చోట్ల పిల్లలకు వైద్యం అందించాలన్నది వారి సంకల్పం. ఆ అవసరం అమెరికా కంటే మనకే ఎక్కువ. మన ప్రభుత్వం కూడా ఆలస్యంగానైనా దానిని గుర్తించింది. భారత నర్సింగ్ మండలి 2016 ప్రాంతంలో క్రిటికల్ కేర్‌లో నర్స్ ప్రాక్టీషనర్ స్నాతకోత్తర కోర్సును రూపొందించింది. తరగతి గదిలో కంటె వార్డులోనే ఎక్కువ కాలం గడిపే రెండేళ్ల రెసిడెన్సీ అది. 2017 జాతీయ ఆరోగ్య విధానం నర్స్ ప్రాక్టీషనర్లు, ప్రజారోగ్య నర్సుల వంటి కేడర్లను నెలకొల్పాలని చెప్పింది. కేడరు అన్న మాటను నేను కల్పించలేదు, ఆ విధానపత్రమే వాడింది. 2018 డిసెంబరులో ప్రసూతి సేవలపై కేంద్రం మార్గదర్శకాలు విడుదల చేసి, మిడ్‌వైఫరీలో నర్స్ ప్రాక్టీషనర్లను 18 నెలల శిక్షణతో తయారుచేయాలని నిర్దేశించింది.

ఈ చివరి విషయంలో తెలుగు నేల దేశానికి దారి చూపింది. కేంద్రం మార్గదర్శకాల కంటే ముందే, 2017లో, కరీంనగరంలో తెలంగాణ ప్రభుత్వం నర్సులకు వృత్తిగత మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. అందుకు కారణం అందరికీ తెలిసినదే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 ప్రసవాలు సిజేరియన్లు, దేశంలో అన్ని రాష్ట్రాల కంటే ఎక్కువ. కోత అక్కరలేని కాన్పును కోత లేకుండా జరిపించగల చేతులు కావాలని రాష్ట్రమే ఒప్పుకున్నది. చేతులను తయారు చేసింది. ఆ చేతులకు శాశ్వతమైన వృత్తి సోపానం కట్టాలన్న ఆలోచన దగ్గరకు వచ్చేసరికి మాత్రం మన ప్రభుత్వాలన్నిటికీ కాళ్లు తడబడతాయి.

కోర్సు ప్రకటించేటప్పుడు కావలసింది ఒక వర్తమానం, ఒక ఫొటో. పోస్టు మంజూరు చేయడానికి కావలసింది ఆర్థిక శాఖ సంతకం. మన పాలకులు మొదటిదానికి మంత్రిని పంపుతారు, రెండవదానికి దస్త్రాన్ని పంపుతారు. మంత్రి తిరిగివస్తాడు. దస్త్రం తిరిగిరాదు.

నెలకు 84 రూపాయలు కూడా కాదు

కేంద్ర ప్రభుత్వంలో నర్సుల వేతన సోపానాన్ని ఒకసారి చూద్దాం. ఏడవ వేతన సంఘం సిఫారసుల తర్వాత నర్సింగ్ ఆఫీసరు ఏడవ స్థాయిలో, 44,900 రూపాయల మూలవేతనంతో చేరుతుంది. సీనియర్ నర్సింగ్ ఆఫీసరుకు 47,600. సహాయ నర్సింగ్ సూపరింటెండెంటుకు 53,100. డిప్యూటీకి 56,100. సూపరింటెండెంటుకు 67,700. నర్సింగ్ భత్యం విడిగా ఉన్నది. దానిని 2017లో నెలకు 7,200 రూపాయలుగా నిర్ణయించారు. ఆ భత్యం నిన్న చేరిన డిప్లొమా నర్సుకు, ఉన్నత పట్టా ఉన్న నర్సుకు ఒక్కటే.

ఈ నిచ్చెనలో రెండు దోషాలున్నాయి. మొదటిది, ఇది ఏళ్లను లెక్కిస్తుంది, నైపుణ్యాన్ని లెక్కించదు. రెండవది మరింత విచిత్రమైనది. ఈ నిచ్చెన ఎక్కే ప్రతి మెట్టూ నర్సును రోగికి దూరం చేస్తుంది. పై మెట్టు మీద ఉండేది డ్యూటీల జాబితా, మందుల స్టాకు, సెలవుల రిజిస్టరు. వెంటిలేటరును అందరికంటే బాగా అర్థం చేసుకున్న మనిషికి జీతం పెరగాలంటే ఆమె వెంటిలేటరును వదిలి బల్ల దగ్గర కూర్చోవాలి. లేదా కళాశాలకు వెళ్లి బోధించాలి. ఎందుకంటే ఎం.ఎస్‌సి. నర్సింగ్ పట్టాను ఒక అర్హతగా గుర్తించి దానికి తగిన హోదా ఇచ్చేది మన దేశంలో ప్రధానంగా బోధనారంగమే. బోధన గొప్ప పనే, కాదనను. కాని రోగి పక్కన ఉండడం కోసమే ప్రత్యేకంగా రెండేళ్లు నేర్పిన విద్యకు రోగి పక్కన విలువ లేకపోవడాన్ని ఏ తర్కంతో సమర్థిస్తారు?

ఉద్యోగంలో ఉండగా పై చదువు చదివిన కేంద్ర ఉద్యోగులకు ప్రోత్సాహకం ఉన్నది కదా అని ఎవరైనా అనవచ్చు. ఉన్నది. 2019 మార్చి నాటి ఉత్తర్వు ప్రకారం, ఏడాదికి మించిన స్నాతకోత్తర పట్టాకు 25,000 రూపాయలు. నెలకు కాదు, ఏడాదికి కాదు, జీవితంలో ఒక్కసారి. మరో 25 ఏళ్ల సర్వీసు ఉన్న ఉద్యోగికి ఆ మొత్తాన్ని పంచి చూస్తే నెలకు 84 రూపాయలు కూడా రాదు. కేంద్ర ప్రభుత్వ వైద్యులకు స్నాతకోత్తర భత్యం నెలనెలా వస్తుంది. ప్రైవేటు ప్రాక్టీసు చేయనందుకు మూలవేతనంలో 20 శాతం వేరే వస్తుంది. వైద్యులకు అవి ఇవ్వడం తప్పని నేననడం లేదు. ఉన్నత విద్య రోగికి మేలు చేస్తుందన్న సూత్రాన్ని తెల్లకోటు విషయంలో అంగీకరించిన ఖజానా, నర్సు విషయంలో ఎందుకు అంగీకరించదన్నదే నా ప్రశ్న.

రాష్ట్రాల పరిస్థితి దీనికి భిన్నంగా లేదు. 2024 జనవరి 31న హైదరాబాదు ఎల్బీ స్టేడియంలో తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి 6,956 మంది నర్సులకు నియామకపత్రాలు అందించారు. అన్ని వేలమందికి ప్రభుత్వోద్యోగం దొరకడం అభినందనీయమే. ఆ పోస్టుల వేతన శ్రేణి 36,750 రూపాయల నుంచి మొదలవుతుంది. ఎంపికలో 80 మార్కులు రాతపరీక్షకు, 20 మార్కులు కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ సేవలకు. ఇందులో స్నాతకోత్తర పట్టాకు దక్కిన స్థానం ఎక్కడ? కాంట్రాక్టులో నలిగినవారికి మార్కులివ్వడం న్యాయం. రెండేళ్లు అదనంగా చదివినవారి చదువు సున్న కావడం న్యాయం కాదు. అదే బడిలో, అదే పరీక్ష రాసి, అదే శ్రేణిలో చేరేటట్లయితే ఆ రెండేళ్ల చదువుకు, అందుకు చేసిన అప్పుకు అర్థమేమిటి?

దగ్గరి దారి

ఉన్నత శిక్షణ పొందిన నర్సుకు తగిన జీతం ఇవ్వడానికి వెనుకాడే ప్రభుత్వం, వైద్యుడు లేని చోట నర్సుచేత వైద్యం చేయించడానికి మాత్రం వెనుకాడలేదు. 2018లో ఆయుష్మాన్ భారత్ కింద లక్షన్నర ఆరోగ్య కేంద్రాలను ప్రకటించినప్పుడు ప్రతి కేంద్రానికి ఒక మధ్యస్థాయి వైద్యసేవకురాలు కావలసివచ్చింది. ఆమే సామాజిక ఆరోగ్యాధికారి, సీహెచ్ఓ. ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సుతో బి.ఎస్‌సి. నర్సులను ఆ పనిలో నియమించారు. మార్గదర్శకాలు నిర్ణయించిన ప్రతిఫలం నెలకు 25,000 రూపాయలు, పనితీరును బట్టి మరో 15,000 వరకు. ఉద్యోగం కాంట్రాక్టు. పేరు 'అధికారి'.

రక్తపోటు, మధుమేహం పరీక్షించి, మందులు అందించి, గర్భిణులను కనిపెట్టుకుని, ఆన్‌లైన్ వివరాలు నింపి, లక్ష్యాలు చేరుకుంటేనే ఆ రెండవ మొత్తం. ఆంధ్రప్రదేశ్‌లో ఇదే పని చేసే నర్సులు 2025లో క్రమబద్ధీకరణ కోసం, వేతన పెంపు కోసం వారాల తరబడి సమ్మె చేశారు. మండుటెండలో శిబిరాలలో కూర్చున్న ఆ యువతుల చేతుల్లో ఉన్నవి విశ్వవిద్యాలయ పట్టాలే. వారిని 'మధ్యస్థాయి' అని పిలిచినవారు ఆ స్థాయి ఏ రెంటి మధ్య ఉన్నదో చెప్పలేదు. జీతం విషయంలో అది కాంట్రాక్టుకు, గౌరవవేతనానికి మధ్య ఉన్నది.

ఇక్కడే అసలు సంగతి బయటపడుతుంది. పూర్తి శిక్షణ పొందిన నర్స్ ప్రాక్టీషనర్‌కు పోస్టు ఇస్తే ఆమె వేతన శ్రేణి అడుగుతుంది, పింఛను అడుగుతుంది, మందు రాసే అధికారం అడుగుతుంది. ఆరు నెలల శిక్షణతో కాంట్రాక్టులో పెడితే ఏమీ అడగలేదు. అందువల్ల ఒకవైపు ఉన్నత కోర్సు అలంకారంగా కొనసాగుతుంది, మరొకవైపు దాని పనిని తక్కువ శిక్షణతో, తక్కువ జీతంతో జరిపిస్తారు. నష్టపోయేది నర్సు ఒక్కతే కాదు. ఆమె ముందు కూర్చున్న రోగి కూడా.

ఖాళీ గడి చేసే హాని

ప్రైవేటు ఆసుపత్రుల సంగతి చూద్దాం. నర్సుల జీతాల మీద భారత శిక్షిత నర్సుల సంఘం వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2016 జనవరి 29న కేంద్రాన్ని ఒక నిపుణుల సంఘం వేయమన్నది. ఆ సంఘం స్పష్టమైన కొలతలు ఇచ్చింది. 200 పడకలకు పైబడిన ఆసుపత్రిలో నర్సు జీతం ఆ రాష్ట్ర ప్రభుత్వంలో అదే శ్రేణి నర్సు జీతంతో సమానంగా ఉండాలి. 100 నుంచి 200 పడకలుంటే పది శాతానికి మించి తగ్గరాదు. 50 నుంచి 100 ఉంటే 25 శాతానికి మించి తగ్గరాదు. 50 కంటే తక్కువైతే కనీసం 20,000 రూపాయలు. అమలు చేయవలసినది రాష్ట్రాలు.

చాలా రాష్ట్రాలు ఆ నివేదికను బీరువాలో పెట్టి తాళం వేశాయి. కేరళలో నర్సులు రోడ్డెక్కితే గాని కదలిక రాలేదు. 2018 ఏప్రిల్‌లో చేర్తల నుంచి తిరువనంతపురానికి పాదయాత్రకు సిద్ధమైన తరుణంలో, బయలుదేరడానికి ముందురోజు, కనీసం 20,000 రూపాయల వేతనాన్ని నిర్ణయిస్తూ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. ఢిల్లీ ప్రభుత్వం అదే ఏడాది ఉత్తర్వు ఇవ్వగా ప్రైవేటు ఆసుపత్రులు కోర్టుకెక్కాయి. 2019లో ఢిల్లీ హైకోర్టు వారి వాదనను తోసిపుచ్చింది.

ఇప్పుడు పాఠకులు ఒక మాటను గమనించాలి. 'అదే శ్రేణి నర్సు జీతం' అన్నది ఆ నివేదిక. ప్రభుత్వంలో నర్స్ ప్రాక్టీషనర్ అనే శ్రేణే లేనప్పుడు, ప్రైవేటు ఆసుపత్రి దేనితో సమానంగా ఇవ్వాలి? ప్రభుత్వ పట్టికలోని ఖాళీ గడి, ప్రైవేటు యజమానికి చట్టబద్ధమైన సాకుగా మారింది. నేను ఐసీయూలో చూసిన ఆ సిస్టర్ ఏ లేబరు అధికారి దగ్గరకు వెళ్లినా, ఆమె చూపగలిగింది స్టాఫ్ నర్సు జీతాన్నే. తన చదువుకు తగిన అంకె దేశంలో ఎక్కడా రాసి లేదు. వేతన సంఘం నింపే ఒక్క గడి ప్రభుత్వోద్యోగులకే పరిమితం కాదని నేననడానికి కారణం ఇదే. లక్షల ప్రైవేటు పడకల పక్కన నిలిచిన వారికి కూడా అది ఆనవాలు అవుతుంది.

వినవస్తున్న అభ్యంతరాలు

మొదటి అభ్యంతరం వైద్యుల సంఘాలది. 2019లో జాతీయ వైద్య కమిషన్ చట్టంలోని 32వ సెక్షను సామాజిక ఆరోగ్య సేవకులకు పరిమిత వైద్యాధికారం ఇవ్వవచ్చునన్నప్పుడు, భారత వైద్య సంఘం దేశవ్యాప్తంగా సమ్మెకు దిగింది. నకిలీ వైద్యులకు లైసెన్సు ఇస్తున్నారని ఆరోపించింది. అర్హత లేనివారి చేతికి రోగిని అప్పగించరాదన్న వారి మాటతో నాకు పేచీ లేదు. కాని అర్హతే భయమైతే, ఆరేళ్లు చదివి, రెసిడెన్సీ చేసి, పరీక్ష నెగ్గిన నర్సును చూసి భయపడనక్కరలేదు. నడిరేయి వార్డులో ఒంటరిగా వదిలిన నర్సు నిర్ణయాలు తీసుకుంటున్నదన్న సంగతి ప్రతి వైద్యునికీ తెలుసు. ఆ నిర్ణయం ఫలిస్తే ఘనత వైద్యునిది, వికటిస్తే విచారణ నర్సుది. ఔషధ నియమాల ప్రకారం మందుచీటీ రాసే హక్కు రిజిస్టరైన వైద్యునికే ఉన్నది. నర్స్ ప్రాక్టీషనర్ చేసేదంతా 'ఆసుపత్రి ప్రోటోకాలు' నీడలో జరుగుతున్నది. నీడలో చేసే పనికి నీడ జీతమే వస్తుంది. అందుకే చట్టబద్ధమైన అధికారాన్ని, వేతనాన్ని నేను వేరువేరుగా చూడలేను.

రెండవ అభ్యంతరం నర్సుల ఉద్యమంలోనే వినిపిస్తుంది. దేశంలో లక్షలమంది నర్సులకు కనీస వేతనమే దిక్కులేదు, పీజీ నర్సుల గురించి ఇప్పుడెందుకని. ఈ ప్రశ్నలో ఆవేదన ఉన్నది, దానిని గౌరవిస్తాను. కాని పైకప్పు తక్కువగా ఉన్న ఇంట్లో ఎవరూ నిటారుగా నిలబడలేరు. వృత్తిలో అత్యున్నత నైపుణ్యం విలువే స్టాఫ్ నర్సు జీతమైతే, స్టాఫ్ నర్సు విలువ ఇంకెంత కిందికి దిగుతుంది? కనీసం, గరిష్ఠం రెండూ ఒకే పోరాటంలోని రెండు కొసలు. ఇరవై ఏళ్ల అనుభవమున్న డిప్లొమా నర్సు తలపైకి నిన్నటి పట్టభద్రురాలు ఎక్కి కూర్చుంటుందన్న భయం కూడా ఉన్నది. దానికి మందు వేరే కేడరే. పరిపాలనా సోపానం సీనియారిటీతో సాగుతుంది, చికిత్సా సోపానం అర్హతతో సాగుతుంది. ఒకరి మెట్టును మరొకరు లాక్కోనక్కరలేదు.

మూడవది ఖర్చు. దీనిని వాదించేవారు అమెరికా అంకెలను చూపి భయపెడతారు. ఆ అంకెలనే చూద్దాం. 2023 మే నాటి అక్కడి కార్మిక గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం నర్స్ ప్రాక్టీషనర్ మధ్యగత వార్షిక వేతనం 1,26,260 డాలర్లు, రిజిస్టర్డ్ నర్సుది 86,070 డాలర్లు. అక్కడి డాలర్లను ఎవరూ ఇక్కడ అడగడం లేదు. అడుగుతున్నది ఆ నిష్పత్తి వెనుకనున్న సూత్రాన్ని. అంతటి సంపన్న దేశం కూడా ఉన్నత శిక్షణకు దాదాపు 47 శాతం ఎక్కువ చెల్లిస్తున్నదంటే దానధర్మంగా కాదు. వైద్యుడు అక్కరలేని చోట వైద్యుని ఖర్చు తగ్గుతున్నది గనుక. అక్కడా పోరు ముగియలేదు. వయోవృద్ధుల ఆరోగ్య బీమా పథకమైన మెడికేర్, అదే సేవకు వైద్యునికి చెల్లించే దానిలో 85 శాతమే నర్స్ ప్రాక్టీషనర్‌కు చెల్లిస్తుంది. అక్కడ వారి తగాదా ఆ 15 శాతం గురించి. ఇక్కడ మన తగాదా అసలు ఆ మనిషి ఉన్నదా లేదా అన్న దాని గురించి.

పూలు చల్లిన చేతులు

2020 మే 3న ఆసుపత్రుల మీద సైనిక హెలికాప్టర్లు పూలు చల్లాయి. అంతకు ముందు మార్చి 22న దేశం పళ్లేలు మోగించింది. ఏటా మే 12న ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరిట దీపాలు వెలుగుతాయి, దేవదూతలన్న మాట మళ్లీ వినబడుతుంది. దేవదూతలకు ఇంటి అద్దె ఉండదు, పిల్లల ఫీజులుండవు, విద్యారుణం వాయిదాలుండవు. అందుకే ఆ బిరుదు మన పాలకులకు అంత ఇష్టం. సేవ అన్న మాటను స్త్రీల శ్రమకు జీతం ఎగ్గొట్టడానికి వాడినంతగా మన సమాజం మరి దేనికీ వాడలేదు. తెలుగునాట మిషన్ ఆసుపత్రుల కాలం నుంచి ఈ వృత్తిని భుజాలకెత్తుకున్నవారిలో అట్టడుగు కులాల ఆడపిల్లలు ఎందరో. అగ్రవర్ణ సమాజం అంటుగా భావించిన పనిని వారు విద్యగా మలిచారు. నేడు ఆ విద్య విశ్వవిద్యాలయ శిఖరానికి చేరినప్పుడు, శిఖరం మీద కుర్చీ లేదని చెబుతున్నారు.

మనం ఇవ్వని విలువను ఇచ్చేవారు వేరే ఉన్నారు. గల్ఫ్ దేశాలు, బ్రిటన్, అమెరికా, ఇప్పుడు జర్మనీ. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ మన నర్సులకు జర్మన్ భాష నేర్పించి మరీ పంపిస్తున్నది. వెళ్లేవారిని తప్పుపట్టే హక్కు నాకు లేదు, వారికి మేలే జరగాలి. కాని ఒక రాజ్యం తన నర్సుకు పరాయి భాష నేర్పడానికి ఖర్చు పెట్టి, తన ఆసుపత్రిలో పోస్టు ఇవ్వడానికి ఖర్చు లేదనడం ఎంతటి విడ్డూరం? 2023-24 బడ్జెట్టులో కేంద్రం 157 కొత్త నర్సింగ్ కళాశాలలు ప్రకటించింది. ఆ ఏడాదే పార్లమెంటు 1947 నాటి నర్సింగ్ మండలి చట్టం స్థానంలో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం తెచ్చింది. కళాశాలలు పెరుగుతాయి, కమిషన్ వస్తుంది, విద్యాప్రమాణాలు పెరుగుతాయి. ప్రమాణాలు పెరిగిన విద్య రైలెక్కకుండా, విమానమెక్కకుండా ఇక్కడే నిలవాలంటే కావలసినది వేతన శ్రేణి. ఆ మాట చెప్పవలసినది వేతన సంఘం, ఆపై రాష్ట్ర ప్రభుత్వాలు.

అడగవలసినవి నాలుగు. ఒకటి, జాతీయ ఆరోగ్య విధానం 2017లోనే వాగ్దానం చేసిన నర్స్ ప్రాక్టీషనర్ కేడరును వేతన పట్టికలో చేర్చాలి. సహాయ సూపరింటెండెంటుకు ఇస్తున్న తొమ్మిదవ స్థాయితో మొదలుపెట్టి, రోగి పడకను వదలకుండానే సూపరింటెండెంటు స్థాయి దాకా ఎదిగే దారి ఉండాలి. రెండు, ఒక్కసారి చేతిలో పెట్టే 25,000 బదులు, ఉన్నత అర్హతతో పనిచేసే నర్సులకు నెలనెలా భత్యం ఇవ్వాలి. మూడు, ఔషధ నియమాలను సవరించి, నిర్ణీత జాబితా మేరకు మందు రాసే అధికారాన్ని, దానితోపాటు బాధ్యతను చట్టబద్ధం చేయాలి. నాలుగు, సుప్రీంకోర్టు ఆదేశంతో వచ్చిన ప్రైవేటు నర్సుల వేతన కొలతలను రెండు తెలుగు రాష్ట్రాలూ అమలులో పెట్టాలి, వాటికి ఈ కొత్త శ్రేణిని జోడించాలి.

పోస్టు సృష్టించలేని పక్షంలో ఐదవది అడుగుతాను. ఆ కోర్సులో చేరేవారికి ఇచ్చే దరఖాస్తు పత్రం మీదనే ముద్రించండి: 'ఈ చదువు పూర్తయిన తర్వాత మీ హోదా, మీ జీతం ఇప్పుడున్నట్లే ఉంటాయి' అని. అప్పుడు ఎవరు చేరతారో చూద్దాం. నిజం చెప్పి నడపలేని కోర్సును అబద్ధం మీద నడపడం విద్య అనిపించుకోదు.

ఆ రాత్రి ఐసీయూలో మా పెద్దాయన ఊపిరి నిలబెట్టిన సిస్టర్ ఇప్పుడు ఎక్కడున్నదో నాకు తెలియదు. ఏ దేశంలో ఉన్నా, అక్కడి బ్యాడ్జీ మీదనైనా ఆమె చదువుకు తగిన పేరు ఉండాలని కోరుకుంటాను. మన బ్యాడ్జీ మీద ఎందుకు లేదో చెప్పవలసినవారు ఇప్పుడు ఢిల్లీలో వినతిపత్రాలు చదువుతున్నారు.